ముంగిస మూతి నెత్తురు

పౌరాణికుఁడు: పంచతంత్రములో కడపటిదైన అపరీక్షితకారకమునందలి ముంగిసకథ నెఱుఁగనివారు మనలో అరుదు, ఎఱిఁగినవారును అందలి యొక వివరమును మాత్రము విడిచి చెప్పుచుందురు. దేవశర్మ యను బ్రాహ్మణుని భార్య కొడుకును కన్ననాఁడే యొక యాఁడుముంగిస పిల్లను కని చావఁగా, ఆ యిల్లాలు దిక్కులేని యా కూనను చేరఁదీసి, తన బిడ్డతోపాటు చనుబాలిచ్చి, నూనె యంటి, నీళ్లు పోసి పెంచినది. కాఁబట్టి ఆమె బిందె తీసికొని నీళ్లకు పోయినప్పుడు, మగఁడు యాయవారమునకై వాఁకిలి దాఁటినప్పుడు, ఉయ్యెలవైపు ప్రాఁకివచ్చిన నల్లత్రాచును తునుకలు చేసిన యా ప్రాణి పెరటిలో తిరుగు ఏదో యొక జంతువు కాదు. ఆ యింట పెరిగిన రెండవ బిడ్డ. తోఁబుట్టువు ప్రాణము నిలిపితినని తల్లికి తెలుపవలెనను తహతహతో నెత్తుటి మూతినైన నాకికొనక ఎదురు పరుగెత్తి, ఆ తల్లి విసరిన బిందె తలమీఁద పడి చచ్చినది. జంతువునకు శౌర్యము కలదనియు, ఆ శౌర్యమునకు మూలము ప్రేమయే యనియు, దానిని గుర్తింపలేని యంధత్వము మనుష్యునిదే యనియు నా పక్షము.

పశువైద్యుఁడు: శాస్త్రులుగారూ, మీరు విడువని వివరమునకు నేను మఱియొకటి చేర్చెదను. చనుబాలిచ్చి పెంచియు ఆ యిల్లాలు దానిని నమ్మలేదు. పుట్టుకతో వచ్చిన గుణముచేత ఎప్పటికైనను బిడ్డకు కీడు చేయునేమో యని లోలోపల వెఱచుచునే యుండెనని కథకుఁడే చెప్పినాఁడు. ఆమె చేసిన పని క్షమింపరానిదే కాని, ఆమె సంశయమునకు అడుగున నున్న ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. ముంగిస పామును చంపినది బిడ్డకొఱకా, పాముకొఱకా? పొలము గట్టునను, పుట్టచెంతను, ఏ యుయ్యెలయు ఊఁగని బీడునను పాము కనఁబడినచో ముంగిస చేయు పని యదియే. వెండ్రుకలు నిక్కఁబొడిచి, పడగ యెత్తిన పామును మాటిమాటికి కవ్వించి, అది కాటు వేయఁబోయినప్పుడెల్ల ప్రక్కకు దుమికి, అలసి పడగ వాల్చు సమయమునకై కాచియుండి, తలను ఒడిసిపట్టి కొఱికివేయును. త్రాచు విషము మన కండరములలో అసిటైల్‌కోలిన్ గ్రాహకములకు అంటుకొని, ఊపిరి తీయు కండరములను సైతము స్తంభింపఁజేయును. ముంగిస శరీరమున ఆ గ్రాహకముల కట్టడము కొంచెము మాఱియుండుటచేత విషమునకు అచ్చట పట్టు దొరకదు. విషము మితిమీఱినచో అదియు చచ్చును గాని, మనకు ప్రాణాంతకమైన మోతాదు దానికి కానక్కఱలేదు. మనము చేయి పెట్టుటకు జంకు చోట అది నోరు పెట్టఁగలదు. అంతియే కాక, కడుపు నిండఁగలదు. తనకు ప్రమాదము స్వల్పమై, భోజనము ఘనమైన పనిని వీరకృత్యమనుట యెట్లు?

పౌరాణికుఁడు: గోదావరి వఱదలో కొట్టుకొనిపోవు పిల్లను ఒడ్డునకు లాగిన పడవవానికి ఈఁత వచ్చును గనుక అది దయ కాదని మీరందురా? స్వభావము ఉపకరణము; దానిని ఎప్పుడు, ఎవరికొఱకు వినియోగించెననునదియే గుణము. అయినను డాక్టరుగారి తృప్తికొఱకు ముంగిసను ప్రక్కకు పెట్టెదను, కవికల్పిత మగుటచేత జటాయువును గూడ ప్రక్కకు పెట్టెదను. మీ శాస్త్రమునకు పెద్దదిక్కైన డార్విను మాటనే తెచ్చెదను. లండను జంతుప్రదర్శనశాలలో ఒక కాపరి తన మెడ వెనుకనున్న లోఁతైన గాయములను ఆయనకు చూపెనఁట. కాపరి నేలమీఁద మోఁకరిల్లి యుండఁగా ఒక క్రూరమైన బబూను వెనుకనుండి మీఁదపడి కఱచినది. అదే యఱలో, ఆ బబూనును చూచిన చాలు గడగడ వణఁకు ఒక చిన్న అమెరికా కోఁతి యుండెను. ఆ కాపరితో దానికి మిక్కిలి చెలిమి. ఆ పిల్లకోఁతి తన చెలికాని యాపద చూచినంతనే అఱచుచు, కఱచుచు బబూనుపైకి లంఘించి, దాని దృష్టి మఱల్పఁగా, కాపరి ప్రాణములతో బయటపడెను. 1871లో అచ్చైన తన నరావతరణ గ్రంథములో డార్విను ఈ సంగతి చెప్పుటయే గాక, గ్రంథాంతమున, క్రూరుఁడును మూఢుఁడునైన మనుష్యునికంటె అట్టి కోఁతినుండి పుట్టితి ననుకొనుటయే తనకు మేలని వ్రాసికొనెను. ఇచ్చట భోజనము లేదు, గ్రాహకముల రక్షణ లేదు. పైపెచ్చు ప్రతిదినమును అనుభవించుచున్న భయమున్నది. ఆ భయమును దాఁటించిన దేది?

పశువైద్యుఁడు: అది గట్టి యుదాహరణమని యొప్పుకొందును, దానిని తేలికగా కొట్టివేయువాఁడు నా వృత్తిలో నుండఁదగఁడు. కాని అది విన్నమాట. చెప్పినవాఁడు ఆ యుపకారమును పొందినవాఁడు. చచ్చి బ్రతికినవాని నోట వెలువడు కథలో కోఁతి యెట్లు మహావీరుఁడు కాకుండును? ఇట్టి కథలను కుప్పలు కుప్పలుగా పేర్చుట కా కాలమున ఇంగ్లండులో మోజు మెండుగా నుండెను. ఆ యుత్సాహమునకు అడ్డుకట్ట వేసినవాఁడు లాయిడ్ మార్గన్. క్రింది మెట్టు బుద్ధితో సాధ్యమగు పనికి పై మెట్టు బుద్ధిని కారణముగా చెప్పరాదని ఆయన 1894లో నియమము చేసెను. ఆయన యింట టోనీ యను కుక్క యుండెను. తోఁట గేటు గడియను తలతో ఎత్తి, తలుపు తెఱచుకొని వీథిలోనికి పోవుచుండెడిది. చూచినవారందఱు ఆహా యనిరి. మార్గన్ మాత్రము మొదటినుండి చూచియుండెను. బయటికి పోవలెనను ఆత్రముతో కమ్మీల నడుమ ఎచ్చట పడిన నచ్చట తల దూర్చుచు, ఒకనాఁడు యాదృచ్ఛికముగా గడియ క్రింద దూర్చి యెత్తఁగా తలుపు తెఱచుకొనెను. పిమ్మట దినదినమును తప్పుదూర్పులు తగ్గుచు వచ్చెను. కడపటినాఁటి కుక్కను మాత్రము చూచినవానికి అది ఆలోచన. అన్నినాళ్లును చూచినవానికి అలవాటు. శాస్త్రులుగారూ, మన వీరగాథ లన్నియు కడపటినాఁటి కుక్కను చూచినవారు చెప్పినవే.

పౌరాణికుఁడు: విన్నమాట వలదందురా? కన్నమాట చెప్పెదను, అదియును రాగద్వేషములు లేని కన్ను చూచినది. 2014 మే మాసమున కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ పట్టణమున నాలుగేండ్ల బాలుఁడొకఁడు ఇంటిముందు చిన్న సైకిలుపై ఆడుకొనుచుండఁగా, పొరుగింటి కుక్క కారు చాటునుండి వచ్చి, వాని పిక్క పట్టి యీడ్చెను. మఱుక్షణమే ఆ యింటి పిల్లి, టారా యని దాని పేరు, బాణమువలె వచ్చి తన దేహమును కుక్కకు మోఁదివేసి, దానిని తఱిమి, తఱిమినదానితో తృప్తిపడక వెనుకకు తిరిగి పిల్లవాని చెంతకు వచ్చెను. ఇంటి గోడలకున్న కెమెరాలు దీనినంతను పట్టినవి, లోకమంతయు చూచినది. కుక్కలు గుంపుగా బ్రదుకునవి గనుక గుంపును కాచు గుణము వానికుండవచ్చునని మీరనఁబోవుదురు. వేఁటకు ఒంటరిగా పోవు పిల్లికి ఆ మాట యెట్లు చెల్లును? మఱియు ఆ పిల్లి కొని తెచ్చినది కాదు. ఏండ్ల క్రిందట పార్కునుండి ఆ దంపతుల వెంట నడిచివచ్చి, వారే తన వారని తానే నిశ్చయించుకొన్నది. మఱుసటి సంవత్సరము లాస్ ఏంజిలిస్ జంతుసంరక్షణ సంఘమువారు ఏటేట వీరశునకమున కిచ్చు బహుమానమును దాని కిచ్చి, దానిపై చెక్కిన కుక్క యను పదమును కొట్టివేసి పిల్లి యని వ్రాయవలసి వచ్చెను. ఇది కొంత నవ్వు పుట్టించు ముచ్చటయే గాని, మన వర్గీకరణము లన్నియు ఎంత త్వరలో తల్లక్రిందు లగునో చూపుటకు చాలును.

పశువైద్యుఁడు: ఆ చిత్రమును నేనును చూచితిని, అది చూచి చలింపని పశువైద్యుఁ డుండఁడు. కాని మీరు చెప్పక విడిచిన యొక తుది యున్నది. ఆ కఱచిన కుక్కను తరువాత చంపివేసిరి. దానికిని ఒక యిల్లున్నది, దానిని ముద్దుచేసిన వారును ఉండియుందురు. అదే కుక్క ఆ వేగముతోనే, ఆ కోఱలతోనే గోడ దూఁకిన దొంగ పిక్క పట్టియుండినచో పేపరులో బొమ్మ వేసి పూలదండ వేసియుందురు. కఱచిన నోరొకటే, కఱువఁబడినవాఁ డెవఁ డనుదానినిబట్టి మనము దానిని వీరునిఁగానో ఘాతకునిఁగానో చేయుచున్నాము. మఱి జంతువు మనసులో ఏమున్నదో పరీక్షించి చూచినవారును లేకపోలేదు. 2006లో కెనడాలో ఇద్దఱు మనస్తత్త్వవేత్తలు కుక్కల యజమానులచేత గుండెపోటు వచ్చినట్లు కుప్పకూలినట్లును, పుస్తకముల బీరువా మీఁదపడి నేలకు అదిమినట్లును నటింపించిరి. చెంతనే సాయము చేయఁగల మనుష్యుఁడున్నను, ఒక్క కుక్కయు పోయి వానిని పిలువలేదు. కొన్ని యజమాని చుట్టును తచ్చాడినవి, కొన్ని ఊరక తిరిగినవి.

పౌరాణికుఁడు: అబద్ధపు గుండెపోటునకు నిజమైన కంగారు పుట్టలేదని దానిని తప్పుపట్టుచున్నారా? నొప్పివలన పుట్టు చెమట వాసన, భయమువలన మాఱు ఊపిరి, ఇవి పసికట్టఁగల ముక్కు ముందు నాటకమాడి, ప్రేక్షకుఁడు రంగస్థలమెక్కి కాపాడలేదని నింద వేయుట న్యాయమా? అంతకంటె మేలైన పరీక్షయొకటి 2020లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయమువారు చేసిరి. యజమానిని పెద్ద పెట్టెలో కూర్చుండఁబెట్టి, రక్షింపుమని కేకలు వేయించి, ఏ శిక్షణయు లేని 60 పెంపుడుకుక్కలను వదలిరి. మూఁడవవంతు మాత్రమే తలుపు తీసినవి. మీరు చప్పట్లు కొట్టుటకు ముందు ఆగుఁడు. అదే పెట్టెలో ఆహారము వేసి చూపఁగా 19 కుక్కలు మాత్రమే తీయఁగలిగినవి. ఆ 19లో 16 యజమానిని గూడ విడిపించినవి. అనఁగా తీయనివానిలో పెక్కింటికి కొఱవడినది ప్రేమ కాదు, ఉపాయము. తీయలేనివియు ఊరకుండక కుంయి కుంయి మనుచు, అటునిటు తిరుగుచు వేదనపడినవి. ఇంక భావమును గూర్చిన మాట. శాకుంతలమున రథమునకు వెఱచి, మెడ వంచి వెనుకకు చూచుచు పరుగెత్తు లేడిని అభినవగుప్తుఁడు భయానకరసమునకు ఉదాహరణముగా గ్రహించెను. లేడికి భయము కలదనుటకు ఆయన జంకలేదు, మీరును జంకరు. జంతువునకు భయము, కోపము, ఆకలి యున్నవని సులభముగా నొప్పుకొని, ధైర్యము పేరెత్తఁగనే సాక్ష్యము తెమ్మనుట ఏమి న్యాయము? నీచమైనవన్నియు వానికి సహజములు, ఉదాత్తమైనవన్నియు మన సొత్తా?

పశువైద్యుఁడు: మీ మాటలో చుఱుకున్నది, ఆ పక్షపాతము మా శాస్త్రమున చిరకాలము నడచినదనుట నిజము. అయినను భయమునకును ధైర్యమునకును ఒక భేదము కలదు. భయము ఒక స్థితి. గుండె వేగమును, రక్తములోని స్రావములను కొలిచి చూపవచ్చును. ధైర్యమన్ననో, భయము ఒకవైపును, దానిని దాఁటుటకు తగిన కారణము మఱియొకవైపును తూఁచి, తెలిసి తెలిసి అడుగు వేయుట. మొదటిదానిని నేను చూడఁగలను. ఆ తూఁకమును మాత్రము చూడలేను. మా ఆసుపత్రి సంగతి చెప్పెదను. పాము కఱచిన కుక్కను మోసికొని వచ్చువారు ఇంచుమించుగా ఒకే మాట చెప్పుదురు, మమ్ములను కాపాడఁబోయి కాటు తిన్నదని. మనుష్యులకు వాడు పాముకాటు మందునే ఎక్కించుచు నేను గాయము వెదకుదును. పలుమాఱు అది ముక్కుమీఁదనో పై పెదవిమీఁదనో యుండును. మూతి యుబ్బి, చొంగ కారుచు, రక్తపింజరి యైనచో చిగుళ్లనుండి నెత్తురు ఊరుచుండును. ముక్కుమీఁది కాటునకు అర్థమేమి? కదలుచున్న వస్తువేదో చూచి, ఏమిటది యని వాసన చూడఁబోయిన దన్నమాట. ఇంటివారి కన్నీటిముందు ఆ మాట నేను చెప్పను. చెప్పుటవలన లాభమును లేదు. కాని నా చేతికి తెలిసిన సత్య మది.

పౌరాణికుఁడు: పలుమాఱు అంటిరి. పలుమాఱు కాని చోటనో?

పశువైద్యుఁడు: అడుగుదురని యెఱుఁగుదును. ముక్కుమీఁద ఒక కాటును, భుజముమీఁదను ముంగాలిమీఁదను మఱి రెండును పడిన ఊరకుక్క నొకదానిని చూచితిని. గడప లోపల ముసలమ్మ యొకతె మంచముమీఁద లేవలేక యుండఁగా, అది మొదటి కాటు తిన్న పిమ్మటను గడపను విడిచి పాఱిపోలేదఁట. జనము కఱ్ఱలతో వచ్చువఱకు పామునకును గుమ్మమునకును నడుమనే నిలిచెనఁట. మొదటి కాటు కుతూహలమందును. తక్కిన రెంటికి నా పుస్తకములలో పేరున్నది, స్థలరక్షణ మని వ్రాయుదురు. వ్రాసితిని గాని, ఆ పేరు వ్రాసినందువలన అది నాకు విశదమైనదని చెప్పజాలను.

పౌరాణికుఁడు: ఈ యొప్పుకోలు చాలును, దీనినే పట్టుకొని మిమ్ములను నొప్పింపను. నా వైపునుండియు ఒకటి యొప్పుకొందును: మన కథలు తీర్చి దిద్దినవే. అయినను కథలు కానివియు కొన్ని యున్నవి. అవి ఱాతిమీఁది మాటలు. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతమున ఎడుత్తనూరులో పల్లవ మహేంద్రవర్మకాలపు వీరశిల యొకటి కలదు. పసులను కాచుచు పోరి పడిన వీరునితోపాటు, ఇద్దఱు దొంగలను కఱచి నిలిచిన వాని కుక్కను గూడ అందు చెక్కి, కోవివన్ అను దాని పేరును వ్రాసిరి. కన్నడదేశమున ఆతకూరులో 10వ శతాబ్దినాఁటి శాసనము కాళి యను వేఁటకుక్కకు నిలిపినది. పెద్ద అడవిపందితో తలపడి, దానిని చంపి తానును చచ్చిన యా కుక్కకు గుడిముందు ఱాయి నాఁటి, భూమి యిచ్చి, ఆ ఱాతికి పూజ సేయక అన్నము తినిన అర్చకునికి ఆ కుక్కను చంపిన పాపము తగులునని శాసించిరి. ఇట్లు శాసించినవారు ప్రయోగశాలలు లేని మూఢులని మీరందురా? కుక్క మనసులో ఏమున్నదని వారడుగలేదు. తాము పొందినది ఏదియో దానికి ఋణము తీర్చుకొనిరి. తిన్న యింటి వాసాలు లెక్కపెట్టు జాతి మనది. లెక్కపెట్టని జాతికి ఒక ఱాయి నిలుపుట ఎక్కువా?

పశువైద్యుఁడు: ఎడుత్తనూరు ఱాతికి నేనును నమస్కరింతును. ఆతకూరుమాట వేఱు. తక్కోల యుద్ధమున చూపిన పరాక్రమమునకు బదులుగా మణలేరుఁడు గంగరాజైన బూతుగుని అడిగి పుచ్చుకొన్న బహుమానము ఆ కాళి. దానిని పందిమీఁదికి ఉసికొల్పినవారు మనుష్యులు. అది ఎవ్వరిని కాపాడలేదు. మన వినోదమునకై చచ్చినది. మనము నిలుపు ఱాళ్లలో కృతజ్ఞత యెంత, మన పాపమును కప్పిపుచ్చుకొనుట యెంత? రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, ఇంగ్లండులో జంతువుల శౌర్యమునకు డికిన్ పతక మను దానిని నెలకొల్పిరి. 1949 లోపల ఇచ్చిన 54 పతకములలో 32 పావురములకు పోయినవి. పావురము గూటికి మఱలును. దాని కాలికి కట్టిన గొట్టములోని చీటీ సంగతి గాని, దానిమీఁద ఆధారపడిన సైనికుల సంగతి గాని దానికేమి తెలియును?

పౌరాణికుఁడు: ముద్ర వేసిన లకోటాను గుండ్ల వర్షములో మోసికొనిపోవు వార్తాహరుఁడును దానిని చదువఁడు, డాక్టరుగారూ.

పశువైద్యుఁడు: చదువఁడు, కాని పోననుటకు వానికి మాట యున్నది. వద్దనఁగలవాని సమ్మతి వేఱు, వద్దనుటయే తెలియనిదాని సేవ వేఱు. ఇప్పుడు నేను ఇంతసేపటినుండి చెప్పఁదలఁచినది చెప్పెదను. మీ ముంగిసకథయే పహ్లవీ, అరబ్బీ భాషల మీఁదుగా పశ్చిమమునకు ప్రయాణము చేసి, వేల్సు దేశమున బెద్‌గెలర్ట్ గ్రామములో రాజు లివెలిన్ పెంచిన గెలర్ట్ అను కుక్క కథ యైనది. పామునకు బదులు తోడేలు వచ్చినది, బిందెకు బదులు కత్తి వచ్చినది. అచ్చటి సమాధిని 18వ శతాబ్దము చివర పూటకూళ్లయింటి యజమాని బాటసారులను ఆకర్షించుటకై కట్టించెనందురు. ఫ్రాన్సులో లియోన్ చెంత గినెఫోర్ అను వేఁటకుక్క యైనది. దానిని చంపి నూతిలో పడవేసిన చోటికి పల్లెస్త్రీలు జబ్బు పిల్లలను తెచ్చి మ్రొక్కుచుండఁగా, 13వ శతాబ్దమున స్టీఫెన్ అను క్రైస్తవ సన్యాసి ఎముకలు త్రవ్వించి, తోపు నఱికించి, కాల్పించెను. ఈ కథలన్నిఁట చంపినవాఁడు చేసిన తప్పేమి? మూతిమీఁద నెత్తురు చూచి, అది తన బిడ్డ నెత్తురని చదువుకొనెను. తరువాత మనమేమి చేయుచున్నాము? అదే నెత్తురు చూచి, అది ప్రేమ యని చదువుకొనుచున్నాము. రెండు చదువులును మన భయమునుండియో మన కోరికనుండియో పుట్టినవే. రెంటిలోను ముంగిసను అడిగినవాఁడు లేఁడు. అపరీక్షితకారక మనఁగా కొట్టుట మాత్రమే కాదు, శాస్త్రులుగారూ, పొగడుటయు అందులోనిదే.

పౌరాణికుఁడు: ఇది మీ వాదమునకు శిఖరమని గుర్తించితిని, కొంతసేపు నన్ను నిలిపివేసినది గూడ. కాని ఆ రెండు పొరపాట్లకును ధర ఒకటి కాదు. ఒకదానికి ప్రాణము పోయినది. రెండవదానికి ఒక పూలదండ వ్యయమైనది. తెలియనిచోట తప్పక తప్పవలసి వచ్చినచో ఏ వైపు తప్పుట మేలో నేను చెప్పనక్కఱలేదు. గినెఫోర్ తోపును కాల్చిన సన్యాసి సిద్ధాంతరీత్యా సరిగానే పలికెను. కుక్క సాధువు కాదు. అయినను ఆరువందల యేండ్ల పిమ్మట, 19వ శతాబ్దమునను ఆ తల్లులు అచ్చటికి పోవుచునే యుండిరి. వారికి తెలిసినదేదో ఆయనకు తెలియలేదు.

పశువైద్యుఁడు: పూలదండతో పోయినచో నాకేమి యభ్యంతరము? కావలికని తెచ్చి, రేయింబవళ్లు గేటునకు గొలుసుతో కట్టి, దొంగ వచ్చిననాఁడు మొఱుగలేదని ఊరిబయట వదలిపెట్టినవారిని నేనెఱుఁగుదును. వీరుఁడు కానందుకు దానికి పడిన శిక్ష అది. బిడ్డకు కుక్క కాపున్నదని ధైర్యపడి, ప్రాఁకులాడు పాపను దానియొద్ద విడిచినవారి సంగతియు ఎఱుఁగుదును. పాప దాని చెవి పట్టి లాగును, అది మొదట లేచి అవతలికి పోవును, పెదవి పైకెత్తి పండ్లు చూపును, గుఱ్ఱుమనును, ఎవ్వరును గమనింపనిచో కడపట కఱచును. ఎన్నిసార్లు చెప్పవలెనో అన్నిసార్లు చెప్పినది, మనమే వినలేదు. పిచ్చికుక్క కాటువలన ప్రపంచమున చచ్చువారిలో మూఁడవవంతునకు పైగా మన దేశమువారే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో పెక్కురు 15 ఏండ్లు నిండని పిల్లలు. ప్రేమయను పేరుతో మనము జంతువు భాషను నేర్చుకొనుట మానివేసితిమి. ఇక ఆ ప్రేమ పుట్టుక యెట్టిదో మీ డార్వినే చెప్పెను. దక్షిణామెరికాలోని బాందా ఓరియెంటల్ దేశమున గొఱ్ఱెల కాపరులు కుక్కపిల్లను పసినాఁడే తల్లినుండి వేఱు చేసి, గొఱ్ఱెచేత రోజుకు మూఁడునాలుగుసార్లు పాలు త్రాగించి, మందదొడ్డిలో ఉన్నితో గూడు కట్టి పెంచుదురఁట. పెరిగి, తక్కిన కుక్కలు యజమానిని కాచునట్లు, అది మందను కాచునఁట. పుట్టిన మూఁడవ వారమునకును పండ్రెండవ వారమునకును నడుమ ఎవ్వరితో మెలఁగిన వారే తన వారని కుక్కకు తోఁచును. గొఱ్ఱెయైనను సరే, మనుష్యుఁడైనను సరే. మీ రెండవ బిడ్డ యను బంధము ఆ కొద్ది వారముల పంచాంగము.

పౌరాణికుఁడు: ఆ పంచాంగము మనకు లేదా? ఏ యొడిలో పెరిగితిమో ఆ యొడినే అమ్మ యనుచున్నాము. పెంపుడుతల్లిమీఁది ప్రేమ నకిలీ యని నేఁటివఱకు ఎవ్వఁడును అనలేదు. యశోద సంగతి మీకు చెప్పవలెనా? మీ కుక్కపిల్ల ముచ్చట నా పక్షమునే బలపఱచుచున్నది. గొఱ్ఱెపాలు త్రాగిన కుక్క గొఱ్ఱెల వంశమును తనదిగా చేసికొన్నది. మనిషిపాలు త్రాగిన ముంగిస మనుష్యుల యింటిని తనదిగా చేసికొన్నది. పాలు పుచ్చుకొన్న వైపున బంధము చెల్లినది. పాలిచ్చిన వైపున చెల్లలేదు. చనుబాలిచ్చిన స్త్రీ, అన్ని నాళ్లకును, దానికి తల్లి కాలేకపోయినది. జాతి యను మాట ఆమె మనసులో మిగిలిపోయినది. మీరు జంతువును పరీక్షింపవలెనని ఇంతసేపు చెప్పుచున్నారు; కథ పరీక్షించినది ఆమెను. తిక్కన తెనిఁగించిన మహాప్రస్థానమును చూడుఁడు. ధర్మరాజు వెంట నడచిన కుక్క ఏ వీరకృత్యమును చేయలేదు. దొంగను పట్టలేదు, పామును చంపలేదు, ఊరక వెంట నడచినది. తమ్ములును ద్రౌపదియు ఒక్కరొక్కరే పడిపోఁగా అది మాత్రము నిలిచినది. ఇంద్రుఁడు రథము తెచ్చి కుక్కను విడిచి రమ్మన్నప్పుడు, నమ్మి వెంటవచ్చినదానిని విడిచి స్వర్గము నాకు వలదని నిలిచినవాఁడు మనుష్యుఁడు.

పశువైద్యుఁడు: మీరు నా యింటికే వచ్చి చేరితిరి! వీరత్వము చూపకున్నను విడువరాదనుటయే నేను కోరునది. అట్లయినచో దానికి శౌర్యపతకములు కట్టవలసిన పనియేమి? నమ్మి వెంటవచ్చినదని చాలదా?

పౌరాణికుఁడు: చాలును; కాని చాలునను మాట విడువరాదనుటకు మాత్రమే చాలును. మీ గడప దగ్గఱి ఊరకుక్క ఊరక వెంటవచ్చినది కాదు. రెండవ కాటునకు నిలిచినది. ఏమియు చేయనిదానిని విడువకుండుట దయ. చేసినదానిని చేసినదని చెప్పుట సత్యము. దయ పేరుతో సత్యమును తగ్గించి చెప్పుమనుచున్నారు మీరు.

పశువైద్యుఁడు: నిశ్చయము లేనిదానిని నిశ్చయమని చెప్పవలదనుచున్నాను. సరే, ఒకటి అడిగెదను, తడుముకొనక చెప్పుఁడు. మీ యింట పసిబిడ్డ ఉయ్యెలలో నిదురించుచుండఁగా, చేతులార పెంచిన కుక్కను కాపుంచి, మీరు పురాణము చెప్పుటకు పోవుదురా?

పౌరాణికుఁడు: పోను. దానియందు నమ్మకము లేక కాదు. బిడ్డను కాచుట నా పని గనుక. దేవశర్మ చేసిన మొదటి తప్పు అదియే, బిందెకంటె ముందటి తప్పు. ఇప్పుడు నేనడిగెదను. మీరు ఇంటికి వచ్చునప్పటికి, మూతినిండ నెత్తురుతో అది మీకు ఎదురు పరుగెత్తి వచ్చినది. ఏమి చేయుదురు?

పశువైద్యుఁడు: ముందు ఉయ్యెల చూచెదను.

పౌరాణికుఁడు: ఉయ్యెలలో బిడ్డ లేదు.

పశువైద్యుఁడు: కుక్కను గొలుసుతో కట్టివేసి, ఇల్లంతయు వెదకెదను. కొట్టను, తిట్టను, కట్టి మాత్రము వేయుదును.

పౌరాణికుఁడు: నేను కట్టను. దానిని వెంటఁబెట్టుకొని వెదకెదను; బిడ్డ యెచ్చట నున్నదో నాకంటె ముందు దాని ముక్కునకే తెలియును.

పశువైద్యుఁడు: కీడు చేసినది అదియే యైనచో, మీకంటె ముందు బిడ్డను చేరునదియు అదియే.

పౌరాణికుఁడు: అది కానిచో, మీరు దానిని గొలుసున నుంచిన గడియలో బిడ్డ జాడ మీకు చూపువా రెవరు?